భర్త పోయాక, భార్య పోయాక ఒక్కో రోజు ఎలా గడపాలి

మా ఆయన పోయిన నాలుగో రోజు పొద్దున ట్యాంకులో నీళ్ళు అయిపోయాయి. ఇంటినిండా చుట్టాలు. బాత్‌రూమ్‌లోంచి ఎవరో "నీళ్ళు రావట్లేదు" అని కేకేశారు. పాతికేళ్ళుగా పొద్దున ఆరింటికి మోటారు వేసేది ఆయనే. స్విచ్ ఎక్కడుందో నాకు తెలుసు. ఎంతసేపు వేయాలో, ఎప్పుడు ఆపాలో తెలియదు. ఆ స్విచ్ దగ్గర నిలబడి ఏడ్చినంతగా అంతకుముందు మూడు రోజుల్లోనూ ఏడవలేదు.

ఇది జరిగి ఆరేళ్ళు. అప్పటినుంచి తెలిసినవాళ్ళు, తెలిసినవాళ్ళ తాలూకువాళ్ళు ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు: "అక్కా, ఆ రోజులు ఎలా గడిపారు?" ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెబుతూ వచ్చాను. ఇక్కడ అన్నీ వరసగా రాస్తున్నాను. బాధ ఉండగానే అన్నం తినడం, స్నానం చేయడం, ఒక కాగితం పని తెమల్చుకోవడం, రాత్రికి పడుకోవడం ఎలాగో చెబుతాను. బాధ ఎప్పుడు తగ్గుతుందో నేను చెప్పలేను.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాసుకుంటే చాలదా అంటారు. చాలదు. ఫోన్ తెరవగానే ఆయన ఫొటోలు కనబడతాయి, రాయాలనుకున్నది అక్కడే ఆగిపోతుంది.
- మూత ఉన్న ఒక ప్లాస్టిక్ డబ్బా. ఇంట్లో దొరికే ప్రతి కాగితం, పాస్‌బుక్, పాలసీ బాండు, రసీదు ఇందులోకే.
- ఇద్దరు మనుషులు. ఒకరు మీరు ఏడిస్తే వినేవాళ్ళు. ఇంకొకరు మీతో ఆఫీసులకు వచ్చేవాళ్ళు. రెండూ ఒకరే చేయగలరని అనుకోకండి. వినేవాళ్ళకు చాలాసార్లు కాగితాలు తెలియవు, కాగితాలు తెలిసినవాళ్ళకు వినే ఓపిక ఉండదు.
- మంచినీళ్ళ సీసా, మీరు రోజూ వేసుకునే మందులు.

1. మొదటి పదమూడు రోజులు: తినండి, సంతకాలు పెట్టకండి

ఈ రోజుల్లో పని అంతా పెద్దవాళ్ళు, పురోహితుడు, అన్నదమ్ములు చూసుకుంటారు. మీ పని మీ ఒంటిని నిలబెట్టుకోవడం. బీపీ, షుగర్ మాత్రలు మానేసి పెద్దకర్మ నాటికి ఆసుపత్రిలో చేరినవాళ్ళను చూశాను. అన్నం సయించకపోతే మజ్జిగ, రాగి జావ, అరటిపండు, ఏదైనా సరే మూడు పూటలా కడుపులో పడాలి. మీ మాత్రల బాధ్యత ఇంట్లో ఒక పిల్లకో పిల్లాడికో అప్పగించండి. చిన్నవాళ్ళు మరిచిపోరు.

ఒక హెచ్చరిక. భరించలేని దుఃఖంలో ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే "ఏడ్చి ఏడ్చి అలా ఉంది" అని ఎవరైనా అంటే నమ్మకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. అది మామూలు గుండెపోటే కావచ్చు. లేదా తీవ్రమైన మనోవేదన వల్ల గుండె కండరం ఒక్కసారిగా బలహీనపడటం కావచ్చు. దీన్ని 1990లో జపాన్ డాక్టర్లు టకోట్సుబో అనే పేరుతో వివరించారు. నడివయసు దాటిన ఆడవాళ్ళలో ఎక్కువ. ఇంట్లో కూర్చుని రెండిటికీ తేడా చెప్పడం ఎవరి తరమూ కాదు, ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

ఇక సంతకాలు. పదకొండో రోజున భోజనాల హడావిడిలో ఒక బంధువు నా ముందు కాగితం పెట్టి "ఊరికే వదినా, ఇక్కడొక సంతకం" అన్నాడు. పెట్టాను. ఆ ఒక్క సంతకాన్ని వెనక్కి తీసుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. మీరు ఇలా చెప్పండి: "సంవత్సరీకం అయ్యేదాకా ఆస్తి కాగితం దేనిమీదా సంతకం పెట్టనని మొక్కుకున్నాను." మొక్కు అనేసరికి మన ఇళ్ళల్లో ఎవరూ ఎదురు చెప్పరు. మొక్కు అనడం ఇష్టం లేకపోతే "అబ్బాయి చూశాక పెడతాను" అనండి, అదీ పనిచేస్తుంది.

ఈ రోజుల్లో ఆగకూడని పని ఒక్కటే, మరణం నమోదు. ఆసుపత్రిలో పోతే వివరాలు ఆసుపత్రి వాళ్ళే పంపాలి. ఇంట్లో పోతే మనమే పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో చెప్పాలి. 21 రోజుల లోపు ఏ రుసుమూ లేకుండా అయిపోతుంది. ఆలస్యమయ్యేకొద్దీ రుసుము, అనుమతులు పెరుగుతాయి. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఈ పని ఆఫీసులకు వచ్చే మనిషికి అప్పగించండి.

సర్టిఫికెట్ చేతికి రాగానే, అక్కడే నిలబడి, పేరు స్పెల్లింగ్ ఆధార్‌తో సరిపోయిందా, తేదీ సరిగ్గా ఉందా, భార్య లేదా తండ్రి పేరు సరిగ్గా పడిందా చూడండి. ఒక్క అక్షరం తేడా ఉంటే తర్వాత ప్రతి ఆఫీసులోనూ అదే అడ్డం. ప్రతులు పది తీసుకోండి. ఎక్కువ అనిపిస్తుంది గానీ, మాకు తొమ్మిది ఖర్చయ్యాయి.

2. పద్నాలుగో రోజు: ఆయన చేసే పనుల చిట్టా

చుట్టాలు వెళ్ళిపోతారు. అసలైన రోజు అదే. మరణం పెద్ద మాట. ఇంట్లో అది చిన్న చిన్న పనులుగా కనబడుతుంది. మోటారు వేయడం, గ్యాస్ బుక్ చేయడం, కరెంటు బిల్లు, పాలవాడి లెక్క, బండి ఇన్సూరెన్సు, రాత్రి గేటు తాళం. భార్యను పోగొట్టుకున్న మగవాళ్ళకైతే పోపుల పెట్టెలో ఏది ఎక్కడుందో, పనిమనిషికి జీతం ఎంతో, మనవరాలి పుట్టినరోజు ఎప్పుడో.

నోట్‌బుక్‌లో రెండు పేజీలు దీనికి వదలండి. గుర్తొచ్చినప్పుడల్లా ఒక పని రాయండి. ప్రతి పని పక్కన మూడింట్లో ఒకటి: "నేను నేర్చుకుంటాను", "ఫలానావాళ్ళు చేస్తారు", "ఇక అక్కర్లేదు". మోటారుకు నేను ఫోన్‌లో అలారం పెట్టాను, పొద్దున ఆరింటికి వేయడానికి, ఆరూ ఇరవైకి ఆపడానికి. ఇప్పటికీ అదే అలారం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, అన్నిటినీ కొడుక్కో కూతురికో అప్పగించేయడం. మొదటి నెల హాయిగా ఉంటుంది. ఆరో నెలకి మీ ఇంట్లో మీకే పని లేకుండా పోతుంది. కనీసం సగం పనులు మీరే ఉంచుకోండి, తప్పులు చేసినా సరే.

3. రోజూ పొద్దున: మూడు గీతలు

ఒక కొత్త పేజీ. పైన తేదీ. కింద మూడు గీతలు గీసి, ఒక్కో దాని పక్కన ఒక్కటే పని రాయండి.

- ఒంటికి ఒకటి: తలస్నానం, పది నిమిషాలు వీధి చివరిదాకా నడక, టిఫిన్ తినడం.
- ఇంటికి ఒకటి: ఒక బిల్లు, ఒక ఫోన్, ఒక అలమర అర.
- మనిషికి ఒకటి: ఒకరితో మాట్లాడటం. కూరగాయల అమ్మాయితో రెండు మాటలైనా లెక్కలోకి వస్తాయి.

రేపటి పని ఆ పేజీలో రాయకూడదు. "ఈ ఇంటిని ఏం చేయాలి, పిల్ల పెళ్ళి ఎలా, ముసలితనం ఎలా" అని మనసు పరిగెడుతుంది. అలాంటివన్నీ నోట్‌బుక్ చివరి పేజీలో రాసి మూసేయండి. రాసినవి ఎక్కడికీ పోవు కాబట్టి మనసు కొంత ఊరుకుంటుంది. నా చివరి పేజీలో మొదటి నెల ముప్పై ఒక్క భయాలు ఉన్నాయి. ఏడాది తర్వాత చూస్తే వాటిలో జరిగినవి నాలుగు.

లేవలేని రోజులుంటాయి. ఆ రోజు మూడు కాకుండా ఒంటికి సంబంధించినది ఒక్కటే చేయండి. పళ్ళు తోముకోవడం కూడా పనే.

4. సాయంత్రం వేళకు ఏదో ఒకటి పెట్టుకోండి

పగలు ఎలాగో వెళ్ళిపోతుంది. ప్రతి ఇంట్లోనూ ఒక కష్టమైన వేళ ఉంటుంది. నాకు సాయంత్రం ఆరున్నర, గేటు గొళ్ళెం చప్పుడయ్యే టైము. మీ వేళ ఏదో వారం రోజులు గమనించండి. ఆ టైముకు మీరు ఖాళీగా, ఒంటరిగా, ఆ గదిలోనే ఉండకుండా చూసుకోండి. గుడికి వెళ్ళవచ్చు, మేడ మీద బట్టలు తీయవచ్చు, పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పవచ్చు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే "ఎప్పుడో ఒకప్పుడు చేయి" అనకుండా, కచ్చితంగా ఆ వేళకే ఫోన్ చేయమని చెప్పండి. దూరాన ఉన్న పిల్లలకూ అది మేలు. చివరిచూపుకు అందలేకపోయిన కొడుక్కి రోజూ చేయడానికి ఒక పని దొరుకుతుంది.

టీవీ పెట్టుకుని కూర్చుంటే గడుస్తుంది గానీ, సీరియల్‌లో ఎవరో ఒకరు పోతూనే ఉంటారు. నాకు రేడియో మేలనిపించింది.

ఏడుపు వస్తే ఆపుకోకండి. నేను గమనించినంతలో ఒక్కో ఉధృతం పావుగంట, ఇరవై నిమిషాలు ఉండి కొంచెం సడలుతుంది. ముఖం కడుక్కుని నీళ్ళు తాగండి. "పిల్లల ముందు ఏడవకూడదు, ధైర్యంగా ఉండాలి" అని పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ అంటారు. అమ్మ ఏడవడం చూసిన పిల్లలకు తామూ ఏడవచ్చని తెలుస్తుంది. చిన్నపిల్లలకు "నాన్న ఊరెళ్ళాడు" అని మాత్రం చెప్పకండి. ఊరెళ్ళినవాళ్ళు తిరిగొస్తారు, వాళ్ళు కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూస్తారు. "నాన్న చనిపోయారు, ఆయన ఒళ్ళు ఇక పనిచేయదు, తిరిగి రారు" అని చెప్పండి. మళ్ళీ మళ్ళీ అడుగుతారు. అడిగినప్పుడల్లా అదే చెప్పండి.

5. వారానికి ఒక్క కాగితం

ప్లాస్టిక్ డబ్బా ఇప్పుడు తెరవండి. ఒక వారం, ఒక ఆఫీసు. ఒకే రోజు మూడు చోట్లకు తిరిగితే, మూడు చోట్లా "భర్త పేరు? ఎప్పుడు పోయారు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పి ఇంటికొచ్చి మంచం ఎక్కుతారు.

ముందు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయండి. తెలంగాణలో మీసేవలో, ఆంధ్రలో సచివాలయంలో అడగండి. తర్వాత బ్యాంకు. జాయింట్ ఖాతా, నామినీ పేరు ఉందా కనుక్కోండి. ఏటీఎం పిన్ తెలుసు కదా, ఫోన్‌పే ఉంది కదా అని ఆయన ఒక్కరి పేరున ఉన్న ఖాతాలోంచి డబ్బు తీయకండి. మనిషి పోయాక ఆ డబ్బు వారసులందరిదీ. రేపు ఎవరైనా అడిగితే మీరే చిక్కుల్లో పడతారు.

చాలామంది వదిలేసుకునేది ఇది. పాస్‌బుక్‌లో మే, జూన్ నెలల పేజీలు తీయండి. 436 రూపాయలు కట్ అయినట్టు ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. ఏ కారణంతో పోయినా నామినీకి 2 లక్షలు వస్తాయి. 20 రూపాయలు కట్ అయి ఉంటే సురక్షా బీమా, ప్రమాదంలో పోతే 2 లక్షలు. ఎప్పుడో ఖాతా తెరిచినప్పుడు సంతకం పెట్టి ఇంట్లో చెప్పడం మరిచిపోయినవే ఎక్కువ. ఆ బ్యాంకులోనే క్లెయిమ్ ఫారం ఇస్తారు, ఆలస్యం చేయకండి.

ఉద్యోగంలో ఉండగా పోయి, పీఎఫ్ కట్ అవుతూ ఉంటే, మూడు విడివిడిగా అడగాలి: పీఎఫ్ నిల్వ, భార్యకు లేదా భర్తకు వచ్చే పెన్షన్, దానితోపాటే ఉండే ఇన్సూరెన్సు. ఈ మూడోది గరిష్ఠంగా 7 లక్షల దాకా ఉంటుంది. "పీఎఫ్ వచ్చేసిందిగా" అని దీన్ని అడగనివాళ్ళు నాకు తెలిసి ముగ్గురున్నారు.

ఆయన ఫోన్ నంబరు రద్దు చేయకండి. ఓటీపీలన్నీ దానికే వస్తాయి. పనులు పూర్తయ్యేదాకా చిన్న రీఛార్జ్ చేస్తూ ఉండండి. ఆయన గొంతున్న వాయిస్ మెసేజ్‌లు, వీడియోలు ఈ వారమే వేరే చోట దాచండి. ఫోన్ పాడైతే అవి మళ్ళీ దొరకవు. నేను ఆలస్యం చేసి పోగొట్టుకున్నాను. పెరుగు ప్యాకెట్ తీసుకురమ్మంటారా అని అడిగిన ఒక్క మెసేజ్ మాత్రం మిగిలింది, ఎనిమిది సెకన్లది.

6. బట్టలు, కళ్ళజోడు, చెప్పులు

"ఇంట్లో ఉంచుకోకూడదు" అని పదకొండో రోజే బీరువా ఖాళీ చేయించే పెద్దలుంటారు. దానం ఇవ్వాల్సినవి ఇవ్వండి. అన్నీ ఇవ్వకండి. మూడు సంచులు పెట్టుకోండి: ఇచ్చేవి, ఉంచుకునేవి, ఇంకా తేల్చుకోనివి. మూడో సంచి మూతి కట్టి, తెరవడానికి ఆరు నెలల తర్వాతి తేదీ ఒకటి దాని మీద రాసి, అటక మీద పెట్టండి. పెద్దవాళ్ళు ఒప్పుకోకపోతే ఉంచుకునే సంచిని చెల్లెలి ఇంట్లోనో స్నేహితురాలి ఇంట్లోనో దాచండి. ఉతకని చొక్కా ఒకటి విడిగా కవర్‌లో పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకోండి. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

7. ప్రేమను ఎక్కడ పెట్టుకోవాలి

మనిషి పోతారు, ఆ మనిషి మీద మనకున్న ప్రేమ మాత్రం ఎటూ పోదు. అది రోజూ అదే వేళకు లేచి, చేయడానికి ఏదైనా ఉందా అని వెతుక్కుంటుంది. దానికి ఒక చిన్న పని ఇవ్వండి. పొద్దున రాసిన పేజీ అడుగున, రాత్రి పడుకునే ముందు, ఆయన గురించి ఒక్క వాక్యం రాయండి. పొగడ్త వద్దు, జరిగిన విషయం రాయండి. "పప్పులో ఉప్పు తక్కువైనా చెప్పేవారు కాదు, ఊరగాయ వేసుకునేవారు." ఇలాంటిది.

కోపం వచ్చినా రాయండి. బీపీ మాత్రలు వేసుకోమని నేను పదేళ్ళు పోరాను. వినలేదు. ఆ కోపం నాకు రెండేళ్ళు ఉంది. పోయినవాళ్ళ మీద కోప్పడకూడదంటారు గానీ, దాన్ని లోపల దాచితే కోడలి మీదో పనిమనిషి మీదో పడుతుంది. పోయినవాళ్ళను ఫొటోలో దేవుణ్ణి చేసేస్తే, మీరు కాపురం చేసిన మనిషి మీకే దూరమవుతాడు.

ఆయన పేరు ఇంట్లో పలకండి. మీరు ఏడుస్తారని అందరూ ఆ పేరు ఎత్తడం మానేస్తారు. మొదట మీరే ఎత్తాలి.

8. బొట్టు, గాజులు, పేరంటాలు

పదో రోజున ఏం చేయాలి, ఏం చేయించుకోకూడదు అన్నది మీ ఇష్టం. ఎవరి బలవంతంతోనూ జరగకూడదు. వద్దనుకుంటే ముందురోజే ఇంట్లో ఒక పెద్దమనిషితో, వీలైతే మగపెద్దతో కాకుండా అత్తగారితోనో ఆడపడుచుతోనో చెప్పించండి. నలుగురిలో అప్పటికప్పుడు వాదించే శక్తి మీకు ఉండదు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అది జరిగి నూట నలభై ఏళ్ళు దాటాక కూడా మనవరాలి పెళ్ళిలో అక్షింతలు వేయడానికి వెనక్కి నిలబడే అమ్మమ్మలు ఉన్నారంటే నాకు బాధేస్తుంది. మీ ఇంట్లో అలాంటి అమ్మమ్మ ఉంటే, మీరే చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకురండి.

9. పండుగలకు, తిథులకు ముందే ఏర్పాటు

మాసికాలు చేసే ఇళ్ళల్లో నెలకొకసారి ఏడవడానికి ఒక రోజు దొరుకుతుంది. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఆ లెక్క మనసుకు పనికొస్తుంది. చేయని ఇళ్ళల్లో నెలకొకసారి ఆయనకిష్టమైన కూర వండి ఎవరికైనా పెట్టండి.

సంక్రాంతి, పెళ్ళిరోజు, ఆయన పుట్టినరోజు రావడానికి వారం ముందే మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి: ఎక్కడ ఉంటాను, ఎవరితో ఉంటాను, ఉండలేకపోతే ఎలా బయటపడతాను. పెళ్ళికి వెళ్ళినా ఆటో మాట్లాడుకుని వెళ్ళండి, ఇంకొకరి కారు కోసం ఆగాల్సిన అవసరం లేకుండా. చాలాసార్లు ఆ రోజుకన్నా ముందు రెండు రోజులే ఎక్కువ కష్టంగా ఉంటాయి.

10. ఆశకు మెంతులు

"జీవితం మీద ఆశ పెట్టుకో" అంటే ఏం చేయాలో నాకు అర్థం కాలేదు. మా అమ్మ ఒక పాత బకెట్‌లో మట్టి పోసి గుప్పెడు మెంతులు చల్లింది. మూడు నాలుగు రోజులకు మొలకలొచ్చాయి. పొద్దున లేవగానే చూడాల్సింది ఒకటుంది, నీళ్ళు పోయాల్సింది ఒకటుంది. నెల తిరగకుండా పప్పులో వేసుకున్నాం. రేపు లేచి చూడాల్సింది ఏదైనా ఒకటి ఇంట్లో పెట్టుకోండి. మొక్క కుదరకపోతే పాలు తోడుపెట్టడం, చిట్టీ వాయిదా, మనవడికి అల్లే స్వెటర్, ఏదైనా సరే.

ఇక్కడ పొరపాటు, పెద్ద ఆశ పెట్టుకోవడం. ఆరు నెలల్లోపు ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోతే బాధ తగ్గుతుందనుకుంటారు. కొత్త ఊళ్ళో ఆయన్ని ఎరిగినవాళ్ళు ఒక్కరూ ఉండరు. వెళ్ళండి, రెండు నెలలు ఉండి రండి. ఇల్లు మాత్రం ఏడాది అమ్మకండి. అప్పులు తరుముతుంటే అది వేరే సంగతి, అప్పుడు నమ్మకమైన వకీలుతో మాట్లాడండి.

సరిగ్గా సాగుతోందో లేదో ఎలా చూసుకోవాలి

ఏడుపు తగ్గిందా అని చూడకండి, అది కొలత కాదు. నెలకొకసారి నోట్‌బుక్ వెనక్కి తిప్పి నాలుగు లెక్కపెట్టండి: ఎన్ని రోజులు మూడు పూటలా తిన్నారు, ఎన్ని రాత్రులు నాలుగైదు గంటలైనా నిద్రపోయారు, ఎన్ని రోజులు బయటి మనిషితో మాట్లాడారు, ఎన్ని గీతలకు టిక్ పడింది. పోయిన నెలకన్నా కొంచెం పెరిగితే సరిగ్గా సాగుతోందన్నమాట. ఒక నెల తగ్గినా కంగారుపడకండి. నాలుగో నెల, ఐదో నెల మళ్ళీ కిందికి లాగడం నేను చాలామందిలో చూశాను. అప్పటికి ఫోన్లు ఆగిపోతాయి.

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా నోట్‌బుక్ చాలదు, డాక్టరు కావాలి:

- రెండు వారాలకు పైగా సరిగా తిండి, నిద్ర లేకపోవడం.
- "నేనూ పోతే బాగుండు" అన్న ఆలోచన మళ్ళీ మళ్ళీ రావడం. ఇది ఒక్కసారి వచ్చినా ఎవరికైనా చెప్పండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీమానస్, నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం అనిపిస్తే 112.
- తాగుడు అలవాటు కావడం, లేదా ఎవరో ఇచ్చిన నిద్రమాత్రలు వేసుకోవడం. భార్య పోయిన మగవాళ్ళ ఇళ్ళల్లో దీన్ని ప్రత్యేకంగా కనిపెట్టి చూడండి.
- ఏడాది దాటినా మొదటి నెలలో ఉన్నట్టే ఉండి, ఏ పనీ చేయలేకపోవడం. డాక్టర్లు దీన్ని విడిగా ఒక జబ్బుగా గుర్తించారు, దీనికి చికిత్స ఉంది.

నవ్వొస్తే?

ఇది అందరూ గొంతు తగ్గించి అడుగుతారు. రెండో నెలలో మా మేనకోడలు ఏదో అంది, పగలబడి నవ్వాను, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అడ్డం పెట్టుకోనక్కర్లేదు. నవ్విన రోజు పేజీలో ఎందుకు నవ్వానో కూడా రాయండి.

పేజీ ఖాళీగా మిగిలితే?

మిగులుతుంది. నా నోట్‌బుక్‌లో వరసగా పదకొండు ఖాళీ పేజీలున్నాయి. వాటిని చింపకండి, వెనక్కి వెళ్ళి నింపకండి. తేదీ మాత్రం వేసి వదిలేయండి. మర్నాడు పొద్దున కొత్త పేజీ తీసి, పైన ఆ రోజు తేదీ వేసి, మూడు గీతలు గీయండి.